బాలింత దినచర్యలో వ్యాయామం: తొలి వారం నుంచి ఆరో నెల దాకా

కాన్పయి ఒకటి రెండు నెలలైన తల్లులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలి, ఆపరేషన్ అయినవాళ్ళు ఏమేం చేయవచ్చు, పొట్ట ఎప్పటికి తగ్గుతుంది, అన్నింటికీ మించి రెండు గంటలకోసారి పాలకు లేచే బిడ్డను పెట్టుకొని వీటన్నింటికీ సమయం ఎక్కడి నుంచి తేవాలి? ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ చివరి ప్రశ్నకే కేటాయించాను.

విజయవాడలోనైనా గుంటూరులోనైనా బాలింతకు రోజులో ఖాళీగా ఒక గంట దొరకదు. ఒకవేళ దొరికినా ఆ గంట నిద్రకే పోవాలి. అందుచేత వ్యాయామాన్ని చిన్న ముక్కలుగా చేసి, పాలివ్వడం, స్నానం, బిడ్డ నిద్ర వంటి ఎలాగూ జరిగే పనులకు కట్టుకోవడమే అమలయ్యే పద్ధతి. దాంతోపాటు వరుస కూడా ముఖ్యం. ముందు ఊపిరి, కటి కండరాలు (మూత్రాశయాన్ని, గర్భసంచిని కింది నుంచి మోసేవి), తర్వాత పొట్ట, ఆ తర్వాత నడక పెంచడం, చివరికి బలం పెంచే వ్యాయామాలు, పరుగు. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, పొట్ట తగ్గించే వ్యాయామంతోనే మొదలుపెడతారు. నడుం నొప్పి, మూత్రం జారడం వంటి ఇబ్బందులు ముదరడానికి అదొక ముఖ్య కారణం.

1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి

మొదట మీ కాన్పు ఎలా జరిగిందో దాన్నిబట్టి మీ లెక్క వేసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. కాబట్టి మామూలు కాన్పయిన పక్కింటి అమ్మాయి మూడో వారంలో చేసిన పని మీరు ఆరో వారంలో చేయవలసి రావచ్చు.

రెండో కాన్పుతో పాటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోవడం మన వైపు మామూలు. మామూలు కాన్పే అయినా పొట్ట మీద కుట్టు ఉంటే, ఆ కుట్టు మానేదాకా పొట్ట మీద బరువు పడే పనులేవీ చేయకూడదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోపే డాక్టరు గారిని అడిగి రాసుకోవలసినవి:

- కుట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటంతట అవే కరుగుతాయా, తీయించుకోవాలా?
- కింద చిరుగు పడిందా, పడితే మలద్వారం దాకా వెళ్ళిందా?
- రక్తం ఎక్కువగా పోయిందా, ఇప్పుడు హీమోగ్లోబిన్ ఎంత ఉంది?
- గర్భంతో వచ్చిన బీపీ, షుగర్ ఉంటే మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి?
- మెట్లు ఎప్పటి నుంచి ఎక్కవచ్చు?
- ఆరో వారం పరీక్ష ఏ తేదీన?

మెట్ల ప్రశ్న మరిచిపోవద్దు. విజయవాడ వన్ టౌన్, మొగల్రాజపురం, గుణదల కొండల మీద ఇళ్ళున్నవాళ్ళకు మెట్లే ఒక పెద్ద వ్యాయామం. సిజేరియన్ అయినవాళ్ళు మొదటి రెండు మూడు వారాలు రోజుకు ఒక్కసారి మించి దిగి ఎక్కకుండా పనులు సర్దుకోవాలి. ఎక్కేటప్పుడు పక్క గోడో కమ్మీయో పట్టుకొని, బిడ్డను మరొకరి చేతికి ఇచ్చి ఎక్కాలి.

సామాను విషయానికి వస్తే పెద్దగా కొనవలసిందేమీ లేదు. ఒక చాప, గట్టి కుర్చీ, రెండు దిండ్లు, లీటరు నీళ్ళ సీసాలు రెండు చాలు. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే రొమ్ములను బాగా పట్టి ఉంచే బ్రా మీద, జారని బూట్ల మీద పెట్టండి. నైటీతో వ్యాయామం చేయవద్దు, కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడతాయి. వదులైన నూలు చుడీదారు మేలు.

2. ఇంట్లో పెద్దలతో ముందే మాట్లాడుకోవడం

మూడో నెల వరకో ఐదో నెల వరకో పుట్టింట్లో ఉండటం, చెవుల్లో దూది పెట్టుకోవడం, గడప దాటవద్దనడం, నీళ్ళు తక్కువ తాగమనడం మన ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. వీటిలో కొన్ని నిజంగా మేలు చేసేవే. పనులు మరొకరు చేసిపెట్టడం, నూనె మర్దనా, వేడినీళ్ళ స్నానం, వేళకు పథ్యపు భోజనం ఏ బాలింతకైనా కావలసినవే.

రెండింటిని మాత్రం ఒప్పుకోనవసరం లేదు. నీళ్ళు తగ్గించడం పాలిచ్చే తల్లికి హాని. రోజంతా మంచం దిగకుండా ఉండటం కూడా హానే, ఎందుకంటే కాన్పు తర్వాత కొన్ని వారాలు కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. సిజేరియన్ అయినవాళ్ళను మర్నాటికల్లా లేపి నాలుగడుగులు వేయించడం అందుకే.

పెద్దలతో మాట్లాడేటప్పుడు వ్యాయామం అనే మాట కంటే వేళ, నిమిషాలు చెబితే పని తేలికవుతుంది. ‘అత్తయ్యా, డాక్టరమ్మగారు రోజూ పది నిమిషాలు నడవమన్నారు. పొద్దున ఆరింటికి బాబుకు పాలు పట్టి మీ చేతికిస్తాను, ఆరుంపావుకల్లా వచ్చేస్తాను’ అని చెబితే కాదనేవాళ్ళు తక్కువ. ఆరో వారం పరీక్షకు అమ్మనో అత్తయ్యనో వెంట తీసుకెళ్ళి, ఏం చేయవచ్చో డాక్టరు గారి నోటనే వినిపించడం ఇంకా మంచిది.

భర్తకు కచ్చితమైన పని ఒకటి అప్పగించండి. రాత్రి పాలు తాగాక బిడ్డను భుజాన వేసుకొని త్రేన్పు తెప్పించడం, తెల్లవారుజామున ఒకసారి గుడ్డలు మార్చడం ఆయన చూసుకుంటే మీకు కలిసొచ్చే ఆ అరగంట నిద్ర మర్నాటి నడకకు కావలసిన ఓపికగా మారుతుంది. ‘వీలైనప్పుడు సాయం చేయండి’ అంటే ఆ వీలు ఎప్పటికీ రాదు.

3. మొదటి రెండు వారాలు: మంచం మీదే మొదలు

ఈ రోజుల్లో చేయవలసినవి మూడే.

మొదటిది ఊపిరి. వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడిచి, ఒక చేయి పొట్ట మీద ఉంచండి. ముక్కుతో గాలి పీల్చేటప్పుడు పొట్ట, పక్కటెముకలు మెల్లగా విప్పారాలి. నోటితో వదిలేటప్పుడు బొడ్డు కింది భాగం లోపలికి పోతున్నట్టు మెత్తగా లాగాలి. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పది ఊపిరులు. కుట్టు దగ్గర లాగినట్టు అనిపిస్తే లాగడం తగ్గించి ఊపిరి మాత్రం కొనసాగించండి.

రెండోది పాదాలు. పడుకొనే పాదాలను ముందుకు, వెనక్కు ఆడిస్తూ, గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. ఒక్కో గంటకు ఇరవై ముప్ఫైసార్లు చేస్తే పిక్కల్లో రక్తం కదులుతుంది.

మూడోది కటి కండరాలు. మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని కింది నుంచి మోసేవి ఇవే. తొమ్మిది నెలల బరువుకు ఇవి సాగిపోతాయి, కాబట్టి సిజేరియన్ అయినవాళ్ళకూ ఈ వ్యాయామం అవసరమే. మూత్రం కోసం పెట్టిన గొట్టం తీశాక మొదలుపెట్టవచ్చు.

చేసే పద్ధతి ఇది:

- గ్యాస్ పోకుండా, మూత్రం ఆపుకొంటున్నట్టుగా కింది కండరాలను లోపలికి, పైకి లాగండి.
- ఐదు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచండి. ఊపిరి మాత్రం ఆడుతూనే ఉండాలి.
- మెల్లగా, పూర్తిగా వదిలి, మళ్ళీ ఐదు లెక్కపెట్టేదాకా ఆగండి.
- ఇలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. వారాలు గడిచేకొద్దీ ఐదును పదికి పెంచండి.
- ఒక్కో విడత చివర చకచకా పట్టి వదిలేవి పది చేయండి.

పిరుదులు, తొడలు బిగుసుకుంటున్నాయంటే తప్పు చేస్తున్నారని గుర్తు. నిజంగా మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయడం కూడా తప్పే, దానివల్ల మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు.

ఈ కండరాలకు నిజమైన పరీక్ష తుమ్ము, దగ్గు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఉండేవాళ్ళకు సీజనులో గాలిలోనే ఘాటు ఉంటుంది. మిగతావాళ్ళకు వంటింట్లో ఎండుమిర్చి తాలింపు చాలు. తుమ్ము వస్తోందని తెలిసిన క్షణంలోనే కటి కండరాలను బిగించి, ఆపరేషన్ అయినవాళ్ళు దిండును కుట్టు మీద రెండు చేతులా అదిమి పట్టుకొని తుమ్మాలి. నాలుగు రోజులు తలచుకొని చేస్తే తర్వాత అదే అలవాటవుతుంది.

మంచం మీద నుంచి నేరుగా లేచి కూర్చోవద్దు. పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు కిందికి దించి, చేతులతో పరుపును నొక్కుతూ లేవాలి. ఆరు నెలల దాకా ఇలాగే లేవమంటాను.

4. పొట్ట కండరాలను పరీక్షించుకోవడం

పొట్టకు నిలువుగా ఉండే రెండు కండరాల పట్టీలు గర్భంతో మధ్యలో ఎడమవుతాయి. కొందరికి కాన్పు తర్వాత కొన్ని వారాల్లో దగ్గరకు వస్తాయి, కొందరికి రావు. ఈ ఎడం ఉండగా పడుకొని పైకి లేచే వ్యాయామాలు చేస్తే పొట్ట మరింత ముందుకు వస్తుంది.

ఆరో వారం దాటాక, కుట్టు మానిందని డాక్టరు చెప్పాక ఇలా చూసుకోండి. వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడవండి. చూపుడు వేలు, మధ్య వేలు జతచేసి బొడ్డు పైన అడ్డంగా ఆనించండి. తల, భుజాలు కొద్దిగా మాత్రమే ఎత్తండి. వేళ్ళకు రెండు పక్కలా కండరాల అంచులు తగులుతాయి. బొడ్డు దగ్గర, దానికి నాలుగు వేళ్ళ పైన, నాలుగు వేళ్ళ కింద మూడు చోట్లా చూడండి.

ఎడం రెండు వేళ్ళలోపే ఉండి, లోపల గట్టిగా తగిలితే ముందుకు సాగవచ్చు. రెండు వేళ్ళు దాటినా, వేళ్ళు లోతుగా దిగిపోతున్నా, తల ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో గట్టులా లేచినా ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి.

ఈ దశలో పొట్టకు సరిపోయే వ్యాయామం ఒకటి ఉంది. మోకాళ్ళు మడిచి పడుకొని, ఊపిరి వదులుతూ కటి కండరాలను, కింది పొట్టను లోపలికి లాగి, ఒక మడమను చాప మీద జరుపుతూ కాలు చాపాలి. పీలుస్తూ వెనక్కు తేవాలి. ఒక్కో కాలికి ఎనిమిది నుంచి పది. నడుము చాప మీద నుంచి పైకి లేస్తుంటే కాలు అంత దూరం చాపవద్దు.

5. బిడ్డ పనులకే వ్యాయామాన్ని కట్టడం

గడియారం చూసి పెట్టుకున్న వేళాపట్టిక మూడు రోజులకు మించి నిలవదు, ఎందుకంటే బిడ్డకు గడియారం తెలియదు. పని అయితే తప్పకుండా జరుగుతుంది. అందుకని ‘పదింటికి చేస్తాను’ అనుకోవడం మాని, ‘పాలివ్వగానే చేస్తాను’ అనుకోండి.

పాలిచ్చే వేళను ముందు సరిచేసుకుందాం. నెలల బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంది. అన్నిసార్లూ మెడ వంచి, వీపు గూనిగా పెట్టి కూర్చుంటే ఏ వ్యాయామమూ ఆ నొప్పిని తీర్చలేదు. వీపుకు గోడ ఆనించి, ఒడిలో దిండు పెట్టి, పాదాల కింద చిన్న పీట వేసుకొని, రొమ్మును బిడ్డ దగ్గరకు వంచకుండా బిడ్డనే రొమ్ము దగ్గరకు తెచ్చుకోవాలి. అలా సర్దుకున్నాక బిడ్డ తాగుతుండగానే కటి కండరాల విడత ఒకటి పూర్తి చేయవచ్చు. రోజులో మూడు విడతలకు మూడు పాలవేళలు సరిపోతాయి.

పాలయ్యాక బిడ్డను భుజాన వేసుకున్న ఐదు నిమిషాల్లో భుజాలను వెనక్కు తిప్పడం, గదిలో నెమ్మదిగా నడవడం చేయవచ్చు.

బిడ్డను ఎత్తుకునే తీరు కూడా చూసుకోండి. బొటనవేళ్ళను చాపి, బిడ్డ చంకల కింద పట్టి లేపడం వల్ల రెండు మూడు నెలలకు మణికట్టులో బొటనవేలి వైపు నొప్పి వస్తుంది. సీసా మూత తిప్పబోతే కలుక్కుమంటుంది, పిడికిలి బిగించినా లాగుతుంది. దానికి బదులు ఒక అరచేయి తల, మెడ కిందకు, రెండోది పిరుదుల కిందకు పోనిచ్చి, మణికట్టు వంచకుండా మోచేతుల బలంతో ఎత్తాలి. ఎత్తేముందు మోకాళ్ళు వంచి, ఊపిరి వదులుతూ ఎత్తాలి. రోజుకు ఎన్నోసార్లు చేసే పని గనుక ఇదే మంచి వ్యాయామం అవుతుంది. పెద్దయ్యేకొద్దీ బిడ్డను ఎప్పుడూ ఒకే తుంటి మీద వేసుకోకుండా వైపు మార్చుతూ ఉండండి.

మిగతావి ఇలా కట్టుకోవచ్చు:

- మర్దనా, స్నానం ముగిశాక ఒళ్ళు వెచ్చగా ఉన్నప్పుడు: మెడ, భుజాలు, పిక్కలు సాగదీయడం ఐదు నిమిషాలు.
- బిడ్డ మేలుకొని ఉండగా చాప మీద బోర్లా పడుకోబెట్టి ఆడించేటప్పుడు: పక్కనే మీరు మడమ జరిపే వ్యాయామం చేయండి.
- పొద్దుటి మొదటి నిద్రలో: బలం పెంచే వ్యాయామాలు పది పదిహేను నిమిషాలు, ఆరు వారాల తర్వాత మాత్రమే.
- మధ్యాహ్నపు నిద్రలో: మీరూ నిద్రపోండి. ఈ వేళను వ్యాయామానికి వాడుకోవద్దని గట్టిగా చెబుతాను.
- అన్నం ఉడికే లోపు వంటింట్లో: గట్టు పట్టుకొని మడమలెత్తి మునివేళ్ళ మీద లేవడం పదిహేనుసార్లు.
- సాయంత్రం ఇంట్లో ఎవరైనా బిడ్డను ఎత్తుకున్నప్పుడు: నడక.

మొదటి వారం ఈ జాబితాలో ఒక్కటే ఎంచుకోండి. అది మాటల్లేకుండా జరిగిపోతున్నప్పుడు రెండోది కలపండి. మొదటి రోజే ఆరింటినీ పెట్టుకున్నవాళ్ళు వారం తిరగకుండానే ఆరింటినీ వదిలేయడం తరచుగా జరిగేదే.

6. నడక: ఎంత, ఎప్పుడు, ఎక్కడ

ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పయిన స్త్రీలకు కూడా వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ ఉండాలంటుంది. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట. దాన్ని మూడు పది నిమిషాలుగా విడగొట్టుకున్నా లెక్కే. మధ్యస్థ శ్రమ అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

అంతవరకు చేరడానికి దారి:

- మొదటి రెండు వారాలు: ఇంట్లోనే, ఐదు నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు.
- మూడు, నాలుగు వారాలు: వరండాలోనో వీధిలోనో పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు.
- ఐదు, ఆరు వారాలు: పదిహేను నిమిషాలు, రోజుకు రెండుసార్లు.
- ఏడో వారం నుంచి: డాక్టరు సరే అన్నాక ఏకబిగిన ఇరవై, తర్వాత ముప్ఫై నిమిషాలు.

తగ్గుముఖం పట్టి గోధుమరంగుకో పసుపుకో మారిన స్రావం నడిచిన రోజున మళ్ళీ ఎర్రగా వస్తే ఎక్కువ చేశారని శరీరం చెబుతున్నట్టు. రెండు రోజులు తగ్గించి చూడండి. అయినా ఎరుపు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఎప్పుడూ బిడ్డకు పాలిచ్చాకే బయలుదేరాలి. రొమ్ములు బరువుగా ఉండగా నడవడం కష్టం, పాలిచ్చి వెళ్తే బిడ్డ ఏడుస్తుందన్న ఆందోళనా ఉండదు.

మన ఎండలకు వేళ చాలా ముఖ్యం. మార్చి మధ్య నుంచి జూన్ దాకా ఉదయం ఐదున్నర నుంచి ఏడులోపే నడక ముగించాలి. రోహిణి కార్తెలో ఆ వేళలో కూడా ఉక్కపోస్తుంటే హాల్లో ఫ్యాను కింద గోడ నుంచి గోడకు నడవండి, దానికీ అదే ఫలితం. వానాకాలంలో డాబా మీద పాచి ఉంటే అక్కడికి వెళ్ళవద్దు.

విజయవాడలో రాఘవయ్య పార్కు, ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం దగ్గరున్నవాళ్ళకు, గుంటూరులో బృందావన్ గార్డెన్స్ ఎన్టీఆర్ స్టేడియం దగ్గరున్నవాళ్ళకు సమంగా ఉన్న నేల దొరుకుతుంది. అంత దూరం వెళ్ళడానికే అరగంట పడితే వెళ్ళనవసరం లేదు. గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్లలో తెల్లవారుజామున వాహనాలు తక్కువే. ఇంటి నుంచి పిలిస్తే వినపడేంత దూరంలో రెండు లైన్లు చుట్టి రావడమే మొదటి రెండు నెలలకు మంచిది. విజయవాడ బెంజ్ సర్కిల్ వంటి రద్దీ రోడ్ల పక్కన సాయంత్రం నడక మాత్రం మానుకోండి.

7. బలం పెంచే వ్యాయామాలు: ఆరు వారాల తర్వాత

డాక్టరు పరీక్షించి సరే అన్నాక, వారానికి రెండు మూడు రోజులు ఈ నాలుగు చేస్తే సరిపోతుంది. ఒక్కోటి ఎనిమిదిసార్లతో మొదలుపెట్టి పన్నెండుకు, తర్వాత రెండు విడతలకు పెంచండి.

- కుర్చీలో కూర్చొని, చేతుల సాయం లేకుండా లేచి నిలబడటం.
- గోడకు మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి ముందుకు వంగి మళ్ళీ నెట్టుకోవడం.
- మోకాళ్ళు మడిచి పడుకొని పిరుదులను పైకెత్తి మూడు లెక్కపెట్టి దించడం.
- లీటరు నీళ్ళ సీసాలు రెండు పట్టుకొని, నడుము కొంచెం ముందుకు వంచి, మోచేతులను వెనక్కు లాగడం.

అన్నింటిలోనూ కష్టమైన భాగంలో ఊపిరి వదలాలి. ఊపిరి బిగబడితే ఒత్తిడంతా కిందికి, కటి కండరాల మీదికి పోతుంది.

8. తిండి, నీళ్ళు, మాత్రలు

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకు సుమారు 600 కేలరీలు, తర్వాతి ఆరు నెలలు 520 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. కాబట్టి బరువు తగ్గాలని పూటలు మానడం సరికాదు. మధ్యస్థంగా వ్యాయామం చేస్తే పాలు తగ్గవు. తిండి, నీళ్ళు తగ్గితే మాత్రం తల్లి నీరసించిపోతుంది. వారానికి అర కిలో మించి బరువు తగ్గకుండా చూసుకోవాలి.

మునగాకు తెలగపిండి కూర, పప్పు, గుడ్డు, చేప, పెరుగు పథ్యంలో ఉండేలా చూడండి. పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్ళు తాగితే నీళ్ళ లెక్క దానంతటదే తీరుతుంది.

ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి. కాల్షియం మాత్రలూ అన్ని రోజులే, రోజుకు రెండు. ఈ రెండు రకాలనూ ఒకేసారి మింగవద్దు, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. నాలుగడుగులకే ఆయాసం వస్తుంటే అది బద్ధకం అనుకోకుండా ముందు హీమోగ్లోబిన్, తర్వాత థైరాయిడ్ చూపించుకోండి.

9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

నడికట్టు బిగించి కట్టుకొని పొట్ట తగ్గుతుందని ఎదురుచూడటం. సిజేరియన్ తర్వాత కొద్ది రోజులు నడిచేటప్పుడు మెత్తగా కట్టుకుంటే ఆసరాగా ఉంటుంది. బిగించి రోజంతా ఉంచితే ఒత్తిడి కిందికి పోతుంది, కండరాలూ పనిచేయడం మానేస్తాయి.

నలభయ్యో రోజునే సూర్యనమస్కారాలు, కపాలభాతి మొదలుపెట్టడం. పొట్టను గట్టిగా కుదిపే ఈ సాధనలు పొట్ట ఎడం సరిపడ్డాక, మూడో నెల దాటాక, తెలిసినవారి పర్యవేక్షణలో చేయాలి.

ఇంటి పనే వ్యాయామం అనుకొని బరువులెత్తడం. ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను ఇరవై కిలోల పైమాట. ఆపరేషన్ అయినవాళ్ళు ఆరు వారాల దాకా బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తకూడదు. నిండు బకెట్టు, గ్యాసు బండ, తడి బట్టల గంప, పెద్ద పిల్లవాడు అన్నీ ఇందులోకే వస్తాయి. పెద్ద పిల్లవాడిని దగ్గరకు తీసుకోవాలంటే మీరు కూర్చొని ఒళ్ళోకి ఎక్కించుకోండి.

రాత్రంతా నిద్రలేని రోజు కూడా లెక్క తప్పకూడదని వ్యాయామం చేయడం. అలాంటి రోజు ఊపిరి, కటి కండరాలతో సరిపెట్టి మిగతావి వదిలేయాలి.

10. వెంటనే ఆపి వైద్యుల దగ్గరకు వెళ్ళవలసిన గుర్తులు

- గంటకు ఒక ప్యాడ్ నిండిపోయేంత రక్తస్రావం, లేదా పెద్ద గడ్డలు పడటం.
- ఒక కాలి పిక్కలో నొప్పి, వాపు, ఎరుపు.
- ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం.
- తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం. గర్భంలో బీపీ లేనివాళ్ళకూ కాన్పు తర్వాత ఆరు వారాల లోపు బీపీ పెరిగి ఇలా రావచ్చు.
- 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్టు నుంచి చీము, దుర్వాసన.
- కింద ఏదో జారుతున్నట్టు బరువు.

మొదటి నాలుగింటికి మర్నాటిదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. రెండు వారాలు దాటినా ఏడుపు, దిగులు, బిడ్డ మీద మనసు పోకపోవడం తగ్గకపోతే అదీ చికిత్స ఉన్న జబ్బే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

11. రోజులు తప్పినప్పుడు, ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు, పరుగెత్తాలనుకున్నప్పుడు

బిడ్డకు టీకా జ్వరమో, ఇంట్లో శుభకార్యమో, పుట్టింటి నుంచి అత్తింటికి మారడమో రోజులు తప్పిస్తుంది. మూడు నాలుగు రోజులు తప్పితే ఆపిన చోటే మొదలుపెట్టండి. రెండు వారాలు తప్పితే నడకను సగానికి తగ్గించి మొదలుపెట్టండి. అత్తింటికి మారాక పాత వేళలేవీ పనిచేయవు కాబట్టి ఈ వ్యాసం ఐదో భాగంలోని జాబితా తీసి, కొత్త ఇంటి పనులకు తగ్గట్టు మళ్ళీ ఒక్కటితోనే మొదలుపెట్టాలి.

చట్టం ప్రకారం 26 వారాల ప్రసూతి సెలవు దొరికినవాళ్ళు చివరి రెండు వారాల్లోనే ఉద్యోగపు రోజును ఇంట్లో నడిపి చూసుకోండి. ఆఫీసులో మధ్యాహ్న భోజనం తర్వాత పది నిమిషాలు, బస్సు ఒక స్టాపు ముందే దిగి పది నిమిషాలు, ఇంటికి వచ్చి బిడ్డను తీసుకొని వీధిలో పది నిమిషాలు నడిస్తే ఆ రోజు లెక్క పూర్తవుతుంది.

పరుగు, తాడాట, జిమ్‌లో గంతులు వంటివి మూడు నెలల లోపు వద్దు. ఆ తర్వాత కూడా ముందు ఈ పరీక్ష చేసుకోండి:

- అరగంట చురుకుగా నడిచినా నొప్పి, బరువు, మూత్రం జారడం లేవు.
- ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడగలుగుతున్నారు, రెండు కాళ్ళకూ.
- ఉన్న చోటే ఒక నిమిషం పరుగెత్తగలుగుతున్నారు.
- ఒంటికాలి మీద పదిసార్లు గెంతితే మూత్రం జారడం లేదు.

నాలుగూ కుదిరితే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున పావుగంటతో మొదలుపెట్టండి. ఏ ఒక్కదానిలో మూత్రం జారినా పరుగును పక్కనపెట్టి, కటి కండరాల మూడు విడతలను మళ్ళీ పాలవేళలకు కట్టుకొని, ఆరు వారాల తర్వాత ఇదే పరీక్ష చేసుకోండి. అప్పటికీ తగ్గకపోతే స్త్రీల సమస్యలు చూసే ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపమని మీ డాక్టరు గారిని అడగండి.